కోహిమా యుద్ధభూమికి సొంతంగా గైడును పెట్టుకొని వెళ్ళడం: అనుభవజ్ఞుల సలహా కావాలి

వంశధార:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారిని వచ్చే నవంబరులో నాగాలాండ్‌లోని కోహిమా తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాను. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధకాలంలో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో చేరి, బర్మా రంగంలో పనిచేసి, ప్రాణాలతో ఇంటికి తిరిగివచ్చారు. దిమాపూర్ నుంచి ఇంఫాల్ వెళ్ళే రోడ్డు మీద పనిచేశానని మాత్రం చెప్పేవారట. అంతకుమించి ఎవరు ఎంత గుచ్చి అడిగినా మాట మార్చేసేవారట. నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పి కూడా ఉంది. అయినా ఆ రోడ్డును, ఆ కొండను కళ్ళారా చూడాలన్న కోరిక ఆయనకు ఎన్నో ఏళ్ళుగా ఉంది.

కోహిమాలోని యుద్ధ శ్మశానవాటిక నడిబొడ్డునే ఉన్నదనీ, టాక్సీలో వెళ్ళి చూసి వచ్చేయవచ్చుననీ కొందరు చెబుతున్నారు. మరికొందరు యుద్ధచరిత్ర తెలిసిన స్థానిక గైడును మా ఇద్దరి కోసమే ప్రత్యేకంగా మాట్లాడుకోమంటున్నారు. దానికి అయ్యే అదనపు ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా? గైడుతో ముందుగా ఏ విషయాలు మాట్లాడుకోవాలి? వెళ్ళివచ్చినవారు దయచేసి వివరంగా రాయగలరు.

కొండదారి:

వంశధార గారికి నమస్కారం. గైడును తప్పకుండా పెట్టుకోండి. కారణం చెబుతాను.

కోహిమా వెళ్ళినవారికి మొదట కనిపించేది వాటిక ఒక్కటే. మెట్లు మెట్లుగా కోసిన కొండవాలు, పచ్చని గడ్డి, వరుసగా పరచిన రాతి దిమ్మెలు, వాటి మీద కంచు పలకలు. 1,420 సమాధులు ఉన్నాయి. పై అంతస్తులో, దహనసంస్కారం జరిగిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంది. పేర్లు చదివి, కిందనున్న బ్రిటిష్ రెండో డివిజన్ స్మారకశిల దగ్గర నిలబడి, 'మీ రేపటి కోసం మా నేటిని ఇచ్చాం' అన్న అర్థమిచ్చే వాక్యాన్ని ఫోటో తీసుకొని చాలామంది వెళ్ళిపోతారు. అంతమాత్రం చూడడానికి గైడు అక్కరలేదు. కానీ యుద్ధం జరిగింది ఆ వాటికలో మాత్రమే కాదు. జైల్ హిల్, డి.ఐ.ఎస్. హిల్, ఎఫ్.ఎస్.డి. హిల్, కుకీ పికెట్, గ్యారిసన్ హిల్ అని వరుసగా ఉన్న గుట్టల మీద జరిగింది. తిండిగింజలు, సామగ్రి నిలవచేసే డిపోలు ఉండబట్టి వాటిలో రెండింటికి ఆ పొడి అక్షరాల పేర్లు వచ్చాయి. ఇప్పుడు ఆ గుట్టల్లో ఎక్కువ భాగం ఇళ్ళ కింద, ఆఫీసుల కింద, బజారు కింద కలిసిపోయింది. ఏ వంపు దగ్గర నిలబడి ఎటు చూడాలో చెప్పేవారు లేకపోతే మనకు కనిపించేది రద్దీగా ఉన్న ఒక కొండపట్టణం మాత్రమే.

1944 ఏప్రిల్ 4న జపాన్ 31వ డివిజన్ కోహిమాను తాకింది. జనరల్ సాతో కింద 12,000 నుంచి 15,000 మంది సైనికులు ఉన్నారు. ఎదురుగా ఉన్న బ్రిటిష్–భారత రక్షకదళం మొత్తం రెండున్నర వేల మంది; వారిలో వెయ్యిమంది దాకా ఆయుధం పట్టనివారే. నీటి వనరు శత్రువు చేతికి చిక్కింది. డిప్యూటీ కమిషనర్ బంగళా వెనుక ఉన్న చిన్న ఊటకు రాత్రిపూట పాకుతూ వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నారు. విమానాల నుంచి జారవిడిచిన నీళ్ళు, మందుగుండు కొన్ని జపానువారి వైపే పడ్డాయి. ఏప్రిల్ 18న ఒకటో పంజాబ్ రెజిమెంటు మొదటి బెటాలియన్ దారి చీల్చుకొని వచ్చేనాటికి రక్షకుల చేతిలో మిగిలిన నేల పొడవు వెడల్పులు సుమారు 350 గజాలు మాత్రమే.

ఈ అంకెలు పుస్తకంలోనూ దొరుకుతాయి. అయితే ఆ డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళా టెన్నిస్ కోర్టు దగ్గర నిలబడినప్పుడు కలిగే ఎరుక ఏ పుస్తకమూ ఇవ్వదు. బంగళా ఇప్పుడు లేదు. వాటిక మధ్యలో కోర్టు హద్దు గీతలను మాత్రం తెల్లని కాంక్రీటుతో గుర్తుగా ఉంచారు. టెన్నిస్ కోర్టు పొడవు 24 మీటర్లకు లోపే కదా. ఆ చివర ఒక సైన్యం, ఈ చివర ఒక సైన్యం కందకాలు తవ్వుకొని రోజుల తరబడి ఒకరి మీద ఒకరు చేతిబాంబులు విసురుకున్నారు. మా గైడు నన్ను ఒక గీత దగ్గర నిలబెట్టి, తాను రెండో గీత దగ్గరకు నడిచివెళ్ళి, అక్కడి నుంచి మామూలు గొంతుతో మాట్లాడారు. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. ఎదుటి కందకంలో ఎవరైనా దగ్గితే వీరికి వినిపించేదని అప్పుడు నాకు అర్థమైంది. పక్కనే ఒక చెర్రీ చెట్టు ఉంటుంది. పొంచి కాల్చే జపాన్ సైనికులు వాడుకున్న పాత చెట్టు యుద్ధంలో నాశనమైతే, దాని మొదలు నుంచి వేసిన చిగురు పెరిగి ఈ చెట్టయింది. అక్కడి పలక మీద ఆ సంగతి రాసి ఉంది.

పెన్నాతీరం:

కొండదారి గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను హార్న్‌బిల్ ఉత్సవానికి వెళ్ళే బృందయాత్రలో భాగంగా కోహిమా చూశాను. ఉత్సవం డిసెంబరు 1 నుంచి 10 వరకు కోహిమాకు దగ్గరలోని కిసామాలో జరుగుతుంది. నిర్వాహకులు యుద్ధ వాటిక దగ్గర బస్సు ఆపి, త్వరగా వచ్చేయమన్నారు. పై స్మారకం దాకా ఎక్కే వ్యవధి కూడా ఇవ్వలేదు. తాతగారి జ్ఞాపకం కోసం వెళ్ళేవారు అటువంటి యాత్రలో చేరకూడదు. నవంబరు మంచి ఎంపిక. డిసెంబరు మొదటి పది రోజులూ గదులు దొరకడం కష్టం, మంచి గైడులు అందరూ ఉత్సవం పనిలో ఉంటారు. కిసామాలో రెండో ప్రపంచ యుద్ధ మ్యూజియం ఉంది. ఉత్సవం లేని రోజుల్లో వెళితే తీరికగా చూడవచ్చు.

నిజాంసాగర్:

నా మాట కొందరికి కటువుగా అనిపించవచ్చు, అయినా చెప్పకుండా ఉండలేను. కోహిమాలో బ్రిటిషువారు నిలుపుకొన్నది తమ సామ్రాజ్యాన్ని. అదే సమయంలో నేతాజీ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజ్ (ఐ.ఎన్.ఎ.) మన విముక్తి కోసం జపాన్ సేనలతో కలిసి వచ్చి, తిండి లేక, మందులు లేక ఆ అడవుల్లో ప్రాణాలు వదిలింది. 1944 ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో కర్నల్ షౌకత్ మాలిక్ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. అక్కడ ఐ.ఎన్.ఎ. స్మారకం, మ్యూజియం ఉన్నాయి. డబ్బు పెట్టి, గైడును పెట్టి చూడవలసింది మొయిరాంగ్‌ను కాదా? కామన్వెల్త్ వాటికను చక్కగా కత్తిరించిన గడ్డితో చూసి కదిలిపోయే మనం, ఐ.ఎన్.ఎ. సైనికుల్లో అత్యధికులకు ఒక రాయి కూడా లేదన్న సంగతి మరచిపోతున్నాం.

చరిత్రపుట:

నిజాంసాగర్ గారి ఆవేదన న్యాయమైనదే. ఐ.ఎన్.ఎ. సైనికుల్లో మలయా తోటల్లో కూలిపని చేసుకొనే దక్షిణాదివారు, ఎక్కువగా తమిళులు, పెద్దసంఖ్యలో ఉన్నారు. వారి గురించి ఎంత చెప్పుకున్నా తక్కువే. కానీ వంశధార గారి తాతగారి వంటివారిని 'సామ్రాజ్యం తరఫువారు' అని ఒక మాటతో పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆనాటి భారతసైన్యం స్వచ్ఛందంగా చేరిన లక్షలాదిమందితో ఏర్పడింది. వారిలో చాలామంది కరవు ప్రాంతాల రైతుబిడ్డలు. జీతం కోసం, ఇంట్లో పొయ్యి వెలగడం కోసం చేరారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడిన తరువాత కోస్తా జిల్లాలవారికి ఆ యుద్ధం దూరదేశపు సంగతి కాదు. స్మారకం మీద ఉన్న 917 పేర్లు మనవారివి. మొయిరాంగ్‌లో ఎగిరిన జెండా కింద నిలబడినవారూ మనవారే. ఆ కొండల్లో రెండు వైపులా భారతీయులు ఉన్నారు. మంచి గైడు ఈ రెండింటినీ దాచకుండా చెబుతారు, చెప్పాలి.

అయితే మన చర్చలో మూడో పక్షం ఒకటి వదిలేస్తున్నాం. ఆ కొండ అంగామీ నాగా ప్రజలది. 1879లో ఇదే కోహిమాలో బ్రిటిషు స్థావరాన్ని ముట్టడించినవారు వారు. పక్కనున్న ఖోనోమా ఊరు ఆ ప్రతిఘటనకు కేంద్రం. 1944లో వారి కోహిమా ఊరు రెండు సైన్యాల మధ్య నలిగి కాలిపోయింది. పిల్లాపాపలతో అడవుల్లోకి వెళ్ళి తలదాచుకున్నారు. వారిలో అనేకులు బ్రిటిషు సేనలకు దారులు చూపారు, గాయపడినవారిని మోశారు, జపాన్ కదలికల సమాచారం చేరవేశారు; ఎ.జెడ్. ఫిజో వంటి నాయకులు బర్మాలో ఐ.ఎన్.ఎ. పక్షాన నిలిచారు. ఎవరి తరఫున నిలిచినా ఆ యుద్ధం వారు కోరుకున్నది కాదు. అందుకే గువాహటి నుంచో కలకత్తా నుంచో వెంట వచ్చే గైడుకంటే, తన ఇంటి పెద్దల నోట ఆ మూడు నెలల కథ విన్న కోహిమా మనిషిని గైడుగా పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ప్రత్యేకంగా గైడును మాట్లాడుకోవడంలోని అసలు ప్రయోజనం ఇదే. తొందర లేనప్పుడు, పక్కన ఇరవై మంది లేనప్పుడు మనిషి తన ఇంటి సంగతి చెబుతాడు.

థేమ్స్‌గట్టు:

నేను ఇంగ్లండు నుంచి రాస్తున్నాను. 2013లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం నిర్వహించిన ఓటింగులో ఇంఫాల్–కోహిమా యుద్ధాలే బ్రిటన్ చరిత్రలో అత్యంత గొప్ప యుద్ధంగా ఎన్నికయ్యాయి. యార్క్ నగరంలో కోహిమాకే అంకితమైన చిన్న మ్యూజియం ఒకటి ఉంది. ఇక్కడివారికి ఉన్నపాటి ఆసక్తి కూడా మన పాఠ్యపుస్తకాల్లో కనిపించకపోవడం నన్ను బాధిస్తుంది.

పేర్లు వెతకదలచినవారికి ఒక సూచన. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో మరణించిన సైనికుని పేరు, దళం, తేదీ ఇచ్చి వెతికితే ఏ వాటికలో ఏ వరుసలో ఉన్నారో తెలుస్తుంది. మన పేర్లను ఆనాటి గుమాస్తాలు రకరకాలుగా రాశారు కాబట్టి వర్ణక్రమం మార్చి మార్చి ప్రయత్నించాలి. సమాధి దొరకనివారి పేర్లు కోహిమాలో కాక, మయన్మార్‌లోని తౌక్యాన్ వాటికలో ఉన్న రంగూన్ స్మారకం మీద ఉంటాయి. అక్కడ సుమారు 27,000 పేర్లు ఉన్నాయి. వంశధార గారి తాతగారు క్షేమంగా తిరిగివచ్చారు కాబట్టి ఈ జాబితాలో ఉండరు. ఆయన పింఛను కాగితం గాని, డిశ్చార్జి పుస్తకం గాని ఇంట్లో ఉంటే అందులోని కంపెనీ సంఖ్యను గైడుకు ముందే పంపండి. ఆ కంపెనీ ఎక్కడ పనిచేసిందో తెలిస్తే, ఏ మైలురాయి దగ్గర కారు ఆపాలో వారు నిర్ణయించుకోగలరు.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు, ఓ.సి.ఐ. కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నవారు మరొక విషయం గమనించాలి. నాగాలాండ్, మణిపూర్, మిజోరాంలకు విదేశీయుల ప్రత్యేక అనుమతిని కేంద్రం 2024 డిసెంబరులో తిరిగి తప్పనిసరి చేసింది. అన్నదమ్ములు కలిసి వెళ్ళేటప్పుడు ఒకరికి ఒక రకం అనుమతి, మరొకరికి వేరొక రకం కావలసిరావచ్చు.

వంశధార:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. డిశ్చార్జి పుస్తకం పెదనాన్నగారి ఇంట్లో ఉన్నదని నాన్నగారు చెప్పారు, తెప్పిస్తున్నాను. చరిత్రపుట గారు చెప్పిన మాట ఆయనకు చదివి వినిపించాను, చాలాసేపు మాట్లాడలేదు. నిజాంసాగర్ గారూ, మీ మాట కూడా మాకు ముఖ్యమే. కోహిమా నుంచి రోడ్డు మీదుగా ఇంఫాల్ వెళ్ళి మొయిరాంగ్ కూడా చూడాలని మా ఆలోచన. ప్రస్తుత పరిస్థితుల్లో అది సాధ్యమేనా?

దిమాపూర్‌వాసి:

ఉద్యోగరీత్యా దిమాపూర్‌లో ఉంటున్న తెలుగువాడిని. మావాళ్ళు ఎవరు వచ్చినా కోహిమా తీసుకువెళ్ళడం నాకు అలవాటు. ఆచరణకు సంబంధించిన సంగతులు చెబుతాను.

ముందుగా ఇన్నర్ లైన్ పర్మిట్. భారతీయులకు కూడా నాగాలాండ్‌లో అడుగు పెట్టడానికి అది అవసరం. ఆన్‌లైనులో దరఖాస్తు చేసుకోవచ్చు. దిమాపూర్ కూడా ఇప్పుడు దాని పరిధిలోనే ఉంది కాబట్టి విమానం దిగాక చూసుకుందామనుకోవద్దు. దిమాపూర్ నుంచి కోహిమా సుమారు 74 కిలోమీటర్లు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతుంది, నవంబరులో ఆ బెడద తక్కువ. ఆదివారం ప్రయాణం పెట్టుకోవద్దు. ఊరంతా చర్చిలో ఉంటుంది, దుకాణాలు మూసి ఉంటాయి, గైడు కూడా ఆ రోజు కుటుంబంతో గడపాలనుకుంటారు. నవంబరులో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మన లెక్కన మధ్యాహ్నం మూడింటికి బయలుదేరితే ఏమీ చూడలేరు. ఉదయం ఏడింటికల్లా కారెక్కాలి.

ఇంఫాల్ గురించి నిక్కచ్చిగా చెబుతున్నాను. 2023 మే 3న మణిపూర్‌లో మొదలైన ఘర్షణల తరువాత కోహిమా–ఇంఫాల్ రోడ్డు మామూలు రోడ్డు కాదు. ఏ వర్గానికి చెందిన డ్రైవరు ఏ ప్రాంతం గుండా వెళ్ళగలడన్నది అక్కడి ప్రాణాలతో ముడిపడిన విషయం. పెద్దాయనను వెంటబెట్టుకొని ఆ దారిలో వెళ్ళవద్దు. మీ కోసం ఒక డ్రైవరును ఆ ఇబ్బందిలో పడేయడం కూడా సరికాదు. ఇంఫాల్ చూడదలిస్తే పరిస్థితి అనుకూలంగా ఉన్నప్పుడు, మణిపూర్ పర్మిట్ వేరుగా తీసుకొని, విమానంలో వెళ్ళండి. అక్కడ మొయిరాంగ్‌తో పాటు మైబాం లోత్పాచింగ్ కూడా చూడాలి. ఎర్రకొండ అంటారు, జపాన్ వారు కట్టిన శాంతి స్మారకం, 2019లో తెరిచిన శాంతి మ్యూజియం ఉన్నాయి. ఇంఫాల్‌లోని భారతసైనికుల వాటికలో జమాదార్ అబ్దుల్ హఫీజ్ సమాధి ఉంది. 1944 ఏప్రిల్ 6న ఒక గుట్టను తిరిగి పట్టుకొనే దాడిలో గాయపడి కూడా ముందుకు నడిపించి, అక్కడే మరణించి, బ్రిటిషు అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన వ్యక్తి ఆయన.

ఇక గైడుతో మాట్లాడుకోవలసినవి. రోజుకు ఎంత, అందులో కారు కలిసిందా లేదా, డ్రైవరూ గైడూ ఒకరేనా అన్నది ముందే తేల్చుకోండి. ఒకరే అయితే ఖర్చు తగ్గుతుంది గాని, వాహనం నిలిపే చోటు కోసం వెతుక్కోవడంలో ఆయన సగం సమయం పోతుంది; కోహిమాలో పార్కింగ్ అంత ఇబ్బంది. అందుచేత ఇద్దరు వేర్వేరుగా ఉండడం మేలు. ఏయే చోట్లు చూపిస్తారో రాసి పంపమనండి. జాబితాలో వాటిక, కేథడ్రల్ (పెద్ద చర్చి), మ్యూజియం మాత్రమే ఉంటే ఆయన మామూలు టూరు గైడు. జోట్సోమా ఉంటే యుద్ధం తెలిసినవారు.

బర్మాక్యాంపు:

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. మీరందరూ చెప్పుకుంటున్న రోడ్డుకు 1944కు ముందే మన తెలుగువారితో సంబంధం ఉంది. 1942లో రంగూన్ జపాన్ చేతికి చిక్కినప్పుడు లక్షలమంది భారతీయులు కాలినడకన బర్మా విడిచారు. రంగూన్ రేవులో, ధాన్యం మిల్లుల్లో పనిచేసే మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలవారు ఎందరో అందులో ఉన్నారు. బర్మా సరిహద్దు ఊరైన టాము, తరువాత పాలెల్, ఇంఫాల్, దిమాపూర్: అదీ వారి దారి. మా నాయనమ్మ ఆ దారినే వచ్చింది. దారి పొడుగునా కలరాతో, ఆకలితో మనుషులు పడిపోతుంటే ఆగి చూసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయిందని చెప్పేది. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి కేటాయించారన్న ఆరోపణ ఆనాడే గట్టిగా వినిపించింది. ఆ నడకలో చనిపోయినవారికి ఆ రోడ్డు మీద ఏ పలకా లేదు. వంశధార గారూ, మీ నాన్నగారు ఆ రోడ్డు మీద ఎక్కడ ఆగినా, సైనికులతో పాటు వారినీ ఒక్క క్షణం తలచుకోమని నా మనవి.

నిజాంసాగర్:

బర్మాక్యాంపు గారూ, మీ నాయనమ్మగారి మాట చదివాక ఈ విషయంలో ఎవరిది పెద్ద త్యాగమన్న వాదన కొనసాగించడానికి నాకు మనసొప్పడం లేదు. మొయిరాంగ్ చూడాలన్న నా మాటకు మాత్రం కట్టుబడి ఉన్నాను. వంశధార గారు దాన్ని మరో ప్రయాణానికి ఉంచుకోవడం మంచిది.

వంశధార:

అలాగే చేస్తాము. ఈసారి కోహిమా మాత్రమే. బర్మాక్యాంపు గారూ, నాన్నగారు మీకు నమస్కారం చెప్పమన్నారు. దిమాపూర్‌వాసి గారూ, జోట్సోమాకు ఎందుకంత ప్రాధాన్యం ఇచ్చారు? నాన్నగారి మోకాళ్ళ దృష్ట్యా దేన్ని ముందు చూడాలి, దేన్ని వదిలేయవచ్చు?

దిమాపూర్‌వాసి:

జోట్సోమా కోహిమాకు పడమరగా రెండు మైళ్ళ దూరంలో ఉన్న గట్టు. ముట్టడి కాలంలో 161వ భారత బ్రిగేడ్ అక్కడ చిక్కుకుపోయింది. గ్యారిసన్ హిల్ మీది వారిని కాపాడినవి జోట్సోమాలో నిలిపిన భారత పర్వత ఫిరంగులే. తమవారి కందకానికి కొద్ది గజాల ముందు గుండ్లు పడేటట్టు అంత దూరం నుంచి గురిచూసి కొట్టారు. గజం తప్పితే సొంతవారే పోతారు. ఆ గట్టు మీది నుంచి చూస్తే పట్టణం మొత్తం, గుట్టల వరుస మొత్తం ఒకే చూపులో కనిపిస్తుంది. కాబట్టి పొద్దున్నే, మంచు విడిచాక, ముందు అక్కడికి వెళ్ళండి. కారు దిగి నిలబడితే చాలు, ఎక్కవలసిన పని లేదు. అక్కడ గైడు చేత యుద్ధరంగం మొత్తం చెప్పించుకొని, తరువాత వాటికకు వస్తే ఏది ఎక్కడిదో నాన్నగారికి వెంటనే తెలుస్తుంది.

వాటికలో మెట్లు చాలా ఉన్నాయి. ఒక్కొక్క అంతస్తు దగ్గర ఆగుతూ ఎక్కాలి. టెన్నిస్ కోర్టు దాకా ఎలాగైనా తీసుకువెళ్ళండి. మే 13న ఆ కోర్టును తిరిగి పట్టుకోవడానికి ఇంజనీర్లు కొండను బుల్‌డోజరుతో తవ్వి, ట్యాంకును పైకి చేర్చారు. మీ తాతగారిది సాపర్ల దళమే కాబట్టి ఆ వాలును నాన్నగారికి గైడు ప్రత్యేకంగా చూపించాలి. కేథడ్రల్‌ను ఓపిక ఉంటేనే చూడండి. జపాన్ కుటుంబాల విరాళాలు కూడా దాని నిర్మాణంలో ఉన్నాయి. ఖోనోమాను ఈసారి వదిలేయవచ్చు.

రెండో రోజు మీరు ఇంఫాల్ వైపు రోడ్డులో కొద్ది దూరం, నాగాలాండ్ సరిహద్దు లోపలే, వెళ్ళిరండి. జూన్ 22న కోహిమా నుంచి దిగిన రెండో డివిజన్, ఇంఫాల్ నుంచి వచ్చిన అయిదో భారత డివిజన్ 109వ మైలురాయి దగ్గర కలుసుకున్న తరువాతే ఈ రోడ్డు తెరుచుకుంది. ఆ మైలురాయి స్థలం మణిపూర్‌లో ఉంది, అక్కడిదాకా వెళ్ళవద్దు. కానీ మీ తాతగారు పనిచేశానన్న రోడ్డు ఇదే కాబట్టి, వాటిక చూడడంతో సరిపెట్టుకోకుండా నాన్నగారిని దీని మీద కాస్త దూరం నడిపించండి. కంపెనీ సంఖ్య దొరకగానే నాకు సందేశం పంపండి. కోహిమాలో నాకు తెలిసిన గైడులకు చూపించి, వారిలో ఎవరికి ఆ కంపెనీ సంగతి తెలుసో కనుక్కుంటాను.